బోల్టు తీసినా పాత స్నోమొబైల్ క్లచ్ ఎందుకు రాదు?

నమస్తే అండీ. స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి, ఇంజన్ బలాన్ని బెల్టుకి అందించేది దాని క్లచ్. "బోల్టు తీసేశాను, క్లచ్ మాత్రం కదలట్లేదు, తుప్పు పట్టి అతుక్కుపోయిందా?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో. చాలాసార్లు తుప్పే ఉండదు. క్లచ్‌ను పట్టుకుని ఉన్నది ఆ బోల్టు అనుకోవడంలోనే పొరపాటంతా ఉంది.

రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోతాయి చూడండి, మధ్యలో జిగురూ లేదు, మరా లేదు, అయినా రావు. ఇదీ అంతే. ఇంజన్ తిప్పే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్ట్, కొసకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, క్లచ్ లోపలి రంధ్రం కూడా అదే వాలులో ఉంటుంది. బోల్టు పని క్లచ్‌ను ఆ వాలు మీదికి నొక్కి ఉంచడం. ఇంజన్ బలాన్ని మోసేది మాత్రం ఆ వాలు దగ్గరి పట్టే, చాలా మోడళ్లలో కీ, అంటే జారకుండా మధ్యలో పెట్టే చిన్న లోహపు ముక్క, కూడా ఉండదు.

ఇప్పుడు గ్లాసు అంచు పట్టి పీకితే ఏమవుతుంది? అంచు వంగుతుంది. అందుకే గడ్డపలుగు, అంచు పట్టి లాగే మూడు కాళ్ల పుల్లర్ దగ్గరికి రానివ్వద్దని మొత్తుకుంటాను.

[క్లోజప్: క్లచ్ అంచు]

ఇక్కడ చూడండి, గోరంత ముక్క లేచిపోయింది. బెల్టు ఒరుసుకునే అల్యూమినియం ముఖం ఇది, ఇక బెల్టును తినేస్తూనే ఉంటుంది. పక్క నుంచి సుత్తితో బాదడం ఇంకా ఘోరం, ఎందుకంటే టూ స్ట్రోక్ క్రాంకులు చాలావరకు ముక్కలుగా చేసి ప్రెస్‌తో కూర్చినవి, గట్టి దెబ్బకి వరస తప్పుతాయి.

కావలసింది మీ క్లచ్‌కే చేసిన పుల్లర్. క్లచ్ మరల్లోకి ఎక్కి, దాని ముక్కు క్రాంక్ కొసను నెడుతుంది. పక్క మోడల్‌ది దాదాపు సరిపోయిందని బిగిస్తే మరలు పోతాయి, అప్పుడు నిజంగా ఏడవాలి. ముక్కుకి కాస్త గ్రీజు రాయండి. ఇంజన్ తిరగకుండా స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి తాడు దోపండి, కానీ పిస్టన్ పోర్టులు (సిలిండర్ గోడలోని రంధ్రాలు) దాటి పైకి వచ్చాకే, లేదంటే తాడు పోర్టులో చిక్కుకుంటుంది.

గట్టిగా బిగించి, పుల్లర్ తల మీద సుత్తితో నిటారుగా ఒక్క టక్కు. మళ్లీ కాస్త బిగింపు, మళ్లీ టక్కు. గ్లాసులను కూడా లాగి పట్టుకుని తట్టినప్పుడే కదా వదులుతాయి! అయినా రాకపోతే ఆ టెన్షన్ మీదే రాత్రంతా వదిలేయండి. ఒకసారి నేను విసిగిపోయి అలా వదిలేసి వెళితే, పొద్దున చూసేసరికి క్లచ్ పుల్లర్ మీద వేలాడుతోంది.

ఇంకా మొండికేస్తే, బయటి గ్లాసుకి వేడి నీళ్లు పోసినట్టు, క్లచ్ మధ్య భాగానికి హీట్ గన్ పెట్టండి. బయటిది ముందు వేడెక్కి సాగుతుంది. మంట వద్దు, వెనకాల రబ్బరు సీలుంది, పక్కనే పెట్రోలుంది.

అన్నిటికంటే నాకిష్టమైన కిటుకు: పుల్లర్ తీసి, రంధ్రం నిండా గ్రీజు కూరి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి మళ్లీ బిగించడం. గ్రీజుకి పోవడానికి దారి లేదు, ఆ ఒత్తిడే క్లచ్‌ను బయటికి తోస్తుంది. టప్‌మని పెద్ద చప్పుడుతో వదులుతుంది, ముఖం ఎదురుగా పెట్టకండి, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

టైమ్ అయిపోతోంది, బిగించడం గురించి గబగబా చెప్పేస్తాను. షాఫ్టూ రంధ్రమూ బ్రేక్ క్లీనర్‌తో పొడిగా తుడవండి, ఆ కూరిన గ్రీజు ఆనవాలు కూడా మిగలకూడదు. మళ్లీ ఇరుక్కోకూడదని వాలుకి నూనె రాస్తారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి. నూనె రాసిన గ్లాసు ఇంకా లోపలికి దిగి బిగుస్తుంది, ఇక్కడైతే క్లచ్ మధ్య భాగం పగలొచ్చు కూడా. బోల్టు బిగించేది మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి, అంటే అంత బిగింపు బలానికే, అది కొలిచే టార్క్ రెంచితోనే. బెల్టు, కవరు వేసి స్టార్ట్ చేయండి.