కారంపూడి వీరుల తిరునాళ్ల: వెళ్లొచ్చి చెబుతున్నా

నమస్తే అండి. ఈసారి సినిమా రివ్యూ కాదు, తిరునాళ్ల రివ్యూ. పల్నాడు జిల్లా కారంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలై ఐదు రోజులు జరిగే వీరుల ఉత్సవాలకి వెళ్లొచ్చా.

ముందు ఈ ఉత్సవాల వెనకున్న పల్నాటి యుద్ధం కథ, రెండు ముక్కల్లో. 12వ శతాబ్దం. సవతి అన్నదమ్ములు పల్నాడుని పంచుకున్నారు. గురజాలలో నలగామరాజు, ఆయన పక్కన మంత్రి నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వెనక మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరొదిలి పోయారు. గడువు తీరాక మా భాగం మాకిమ్మంటే గురజాల ససేమిరా అంది. మాచర్ల తరఫున రాయబారానికి వెళ్లిన అలరాజుకి విషం పెట్టారు. ఇంకేముంది, ఈ కారంపూడిలోనే నాగులేటి ఒడ్డున కత్తులు లేచాయి. కోడి కోసం కొట్టుకుచచ్చారని నవ్వేవాళ్లుంటారు కదా, కోడి వంక మాత్రమేనండి. అసలు తగాదా నేల మీద.

తిరునాళ్లలో రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. కథలో ముందొచ్చే కోడిపందెం ఇక్కడ నాలుగో రోజున వస్తుంది. నేను కథ వరస పట్టుకుని వెళ్లి కాసేపు తికమకపడ్డా.

వీరుల గుడిలోకి వెళ్తే పెద్ద పెద్ద విగ్రహాలేం ఉండవు. పసుపు, కుంకుమ పూసిన రాళ్లు, అంతే. ఒక్కో రాయి ఒక్కో వీరుడు. బయట ఊరూరి నుంచీ కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, మోసుకొస్తారు. వాటికి నాగులేట్లో స్నానం. నా పక్కనున్న పెద్దాయన కొణతాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు భుజానికి ఆనించుకుని నిలబడ్డాడు. ఈ వీరుల కథలు పాడే వీరవిద్యావంతులు బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి కథ ఎత్తుకోగానే ఆయన పెదాలు వాళ్లకంటే ముందే కదులుతున్నాయి!

నాకు బాగా నచ్చింది మందపోరు రోజున పెట్టే చాపకూడు. కులం అడగకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి ఇది. మాల కన్నమదాసు ఆయన సేనలో ముందు నిలిచిన వీరుడు. 800 ఏళ్ల కిందటి మాట! నా అటుపక్కా ఇటుపక్కా కూర్చున్నవాళ్లెవరో నాకు తెలీదు, వాళ్లూ నన్ను అడగలేదు. అన్నం మాత్రం వేడివేడిగా ఉంది.

నచ్చనిది పార్కింగ్. బండి పెట్టడానికే గంట పట్టింది. ఏ రాయి ఎవరిదో చెప్పే బోర్డు కూడా నాకు కనపడలేదు.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఒక్క రోజే కుదురుతుందంటే కోడిపోరు వదిలేయండి, మందపోరు పొద్దుటికల్లా దిగండి. బండి మాత్రం ఊరి బయటే పెట్టండి.