స్ప్రింగు చూసి కొనండి, స్పేరు అడిగి కొనండి

(బెంగళూరు తెలుగు శ్రోతల కోసం ఆదివారం ఉదయం జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం. ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకునేవాళ్ల ప్రశ్నలకు, పైలట్ శిక్షణ సిమ్యులేటర్లను ఏళ్ల తరబడి బాగుచేస్తున్న టెక్నీషియన్ జవాబులిచ్చారు.)

యాంకర్: అందరికీ నమస్కారం. సార్, ముందు నా సందేహమే తీర్చండి. టేబుల్ మీద పెట్టుకునే ఒక జాయ్‌స్టిక్కుకి, విమానం స్టీరింగు లాంటి యోక్‌కి యాభై వేలు, లక్ష పెడుతున్నారు. అంత ఏముంటుంది అందులో?

టెక్నీషియన్: చూడాల్సినవి రెండేనమ్మా. చేతి కదలికను కొలిచే సెన్సరు ఒకటి, చేతికి ఎదురు నిలిచే స్ప్రింగు ఒకటి. చవకవాటిలో పొటెన్షియోమీటర్ ఉంటుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది గుర్తుందా, అదే. కార్బన్ పట్టీ మీద లోహపు నాలుక రాసుకుంటూ పోతుంది. అరిగేకొద్దీ, దుమ్ము చేరేకొద్దీ విమానం తనంతట తానే తలూపడం మొదలెడుతుంది. మంచివాటిలో హాల్ సెన్సరు పెడతారు. అయస్కాంతం తిరుగుతుంది, చిప్పు దాన్ని ముట్టకుండానే కొలుస్తుంది. రాపిడి లేదు కాబట్టి అరుగుదల లేదు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సంగతి అది. డబ్బు పెడితే సెన్సరుకీ, కదిలే భాగాల గట్టితనానికీ పెట్టండి. బటన్లు ఎన్నున్నాయని లెక్కపెట్టి మాత్రం కొనొద్దు.

యాంకర్: మొదటి కాల్ కె.ఆర్. పురం నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (కె.ఆర్. పురం): నమస్కారమండీ. మాది నెల్లూరు, ఇక్కడికొచ్చి పదేళ్లయింది. మా అబ్బాయికి ఇంటర్ అయిపోయింది, పైలట్ అవుతానంటున్నాడు. యోక్, కాలితో తొక్కే పెడల్స్, ఇంజిన్ జోరు పెంచే థ్రాటిల్ అంటూ లక్షకు పైన లిస్టు రాసిచ్చాడు. ఇంట్లో చేసిన గంటలు ట్రైనింగులో కలిసొస్తాయంటున్నాడు. నిజమేనా?

టెక్నీషియన్: కలవవమ్మా. సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, విమానయాన శాఖ డీజీసీఏ 200 గంటల ఫ్లయింగ్ అడుగుతుంది. ఇంట్లో కూర్చుని నడిపిందాంట్లో ఒక్క నిమిషం కూడా లాగ్‌బుక్కులోకి ఎక్కదు. లిస్టు పక్కన పెట్టి, ముందు బాబుకి డీజీసీఏ క్లాస్ 2 మెడికల్ చేయించండి. కళ్లు, చెవులు బాగున్నాయని తేలాకే మిగతా ఖర్చు.

కాలర్: అయితే అసలు పనికిరాదంటారా?

టెక్నీషియన్: అలా అనను. చెక్‌లిస్టు నోటికి రావడానికి, మీటర్ల మీద చూపు తిప్పడం అలవాటవడానికి బాగా పనికొస్తుంది. కానీ ఒక విషయం బాబుకి చెప్పండి. శిక్షణకు వాడే చిన్న విమానం ఉంటుంది, సెస్నా 172 అని. నిజమైన ఆ విమానంలో ముక్కు కిందికి లాగుతుంటే పైలట్ యోక్‌ని పట్టి ఉంచుతాడు. ఆ బరువు చేతి మీంచి దిగిపోయేదాకా ట్రిమ్ చక్రం తిప్పుతాడు. చెయ్యి తీసేసినా విమానం అలాగే పోతుంది. మన ఇంటి యోక్‌లో స్ప్రింగుకి ఆ బరువేమిటో తెలీదు, వదిలిన మరుక్షణం నడిమధ్యకి వచ్చేస్తుంది. దాంతో పిల్లలు విమానాన్ని ట్రిమ్ చక్రంతోనే నడపడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు మాన్పించడానికి తర్వాత ఇన్‌స్ట్రక్టర్లు తల పట్టుకోవాలి. మోటారుతో ఎదురుబలం ఇచ్చే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ యోక్‌లు ఉన్నాయి, వాటితో ఈ తంటా లేదు. మా శిక్షణ సిమ్యులేటర్లలో ఈ పని చేసే ఏర్పాటుని కంట్రోల్ లోడింగ్ అంటాం. ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం చాలా ఖరీదు, బాబుకి ఇప్పుడు అక్కర్లేదు. 180 డిగ్రీలు తిరిగే యోక్ ఒకటి, హనీకోంబ్ ఆల్ఫా లాంటిది, దాంతోపాటు పెడల్స్. అంతకు మించి వద్దు.

కాలర్: మంచిదండీ. మెడికల్ సంగతి వాడు ఒక్కసారి కూడా చెప్పలేదు.

యాంకర్: తర్వాత మారతహళ్లి నుంచి. హలో?

కాలర్ (మారతహళ్లి): అన్నా నమస్తే. మాది అనంతపురం. అరవై వేలు ఎత్తిపెట్టినా అన్నా. వార్థాగ్ అని యుద్ధవిమానంది ఉండాది కదా, ఇనుప జాయ్‌స్టిక్కు, థ్రాటిల్ జత. అది తీసుకుందామని.

టెక్నీషియన్: ఏ విమానం నడుపుతావు నాయనా?

కాలర్: ఎయిర్‌బస్ ఎ320 అన్నా. బెంగళూరు నుంచి హైదరాబాదు, తిరుపతి. రాత్రిళ్లు ఆఫీసు కాల్స్ అయినాక అదే పని.

టెక్నీషియన్: మరి వార్థాగ్ ఎందుకు? అది ఎ-10 అనే అమెరికా యుద్ధవిమానం కంట్రోల్స్‌కి నకలు. దిట్టమైన వస్తువే, కాదనను. కానీ ఆ స్టిక్కుని మెలితిప్పడానికి వీల్లేదు, కాబట్టి దాంతో రడ్డర్, అంటే తోక మీది చుక్కాని, తిప్పలేవు. దానికి పెడల్స్ కావాలి. నీ డబ్బంతా దానికే పోతే పెడల్స్ దేంతో కొంటావు? రన్‌వే మీద పక్కగాలి కొడితే దేంతో ఆపుతావు?

కాలర్: అదీ నిజమే అన్నా.

టెక్నీషియన్: ఇంకో మాట విను, నీకు సంతోషమవుతుంది. ఇందాక అమ్మగారికి స్ప్రింగుతో తంటా అని చెప్పాను కదా. నీకు ఆ తంటా లేదు. ఎ320లో పైలట్ పక్కన ఉండే సైడ్‌స్టిక్కు కూడా స్ప్రింగుదే. రెక్కల మీద గాలి ఎంత కొడుతోందో దాని ద్వారా పైలట్ చేతికి తెలియదు, చెయ్యి వదిలితే మధ్యకి వస్తుంది, విమానం ఉన్న భంగిమలోనే ఉంటుంది. ట్రిమ్ కంప్యూటరే చూసుకుంటుంది. అందుకని ఓ మాదిరి ఖరీదు స్టిక్కు కూడా నీ చేతికి అసలుదానికి దగ్గరగా అనిపిస్తుంది. థ్రాటిలూ అంతే. బోయింగ్ 737లో ఆటోథ్రాటిల్ వేస్తే లీవర్లు వాటంతటవే ముందుకీ వెనక్కీ పోతాయి, ఇంట్లో అది రావాలంటే మోటార్లు కావాలి. ఎయిర్‌బస్‌లో పైకి లేచాక లీవర్లని క్లైంబ్ గాటులో పెడితే దిగేదాకా అక్కడే కదలకుండా ఉంటాయి. గాట్లు సరిగ్గా పడే థ్రాటిల్ ఉంటే చాలు. థ్రస్ట్‌మాస్టర్‌లో టీసీఏ అని ఎయిర్‌బస్ సైడ్‌స్టిక్కు, థ్రాటిల్ ఉన్నాయి. స్టిక్కుని ఎడమ చేతికీ మార్చుకోవచ్చు. కెప్టెన్ సీటు నీదైతే ఎడమ చేత్తోనే అలవాటు చేసుకో. మిగిలిన డబ్బు మొత్తం పెడల్స్ మీద పెట్టు.

కాలర్: పెడల్స్‌కి అంత కావాలా అన్నా?

టెక్నీషియన్: చేతికన్నా కాలికి బలం ఎక్కువ నాయనా. పల్చటి ప్లాస్టిక్ పెడల్స్ కిర్రుమంటాయి. పైగా మన ఇళ్లలో కింద టైల్సో గ్రానైటో. ల్యాండయి బ్రేకు తొక్కగానే పెడల్స్ గోడదాకా జారిపోతాయి, చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది. నేనేం చేశానంటే, మూడున్నర అడుగుల ప్లైవుడ్ పలక తెచ్చి, పెడల్స్‌ని దానికే స్క్రూలతో బిగించాను. కుర్చీ చక్రాలు పీకేసి దాని కాళ్లు కూడా ఆ పలక మీదే పెట్టాను. ఎంత తొక్కినా నా బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. కంపెనీవాళ్లు ఇచ్చే బేస్ కన్నా ఇదే నమ్మకం నాకు.

యాంకర్: చిన్న ప్రశ్న ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో సెకండ్ హ్యాండ్ స్టిక్కు చూశారట, తీసుకోవచ్చా అంటున్నారు.

టెక్నీషియన్: ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కడే పెట్టి చూడాలి. విండోస్‌లో రన్ తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని కొట్టి, ఆ స్టిక్కు ప్రాపర్టీస్ తెరిస్తే, స్టిక్కు కదలిక ఒక పెట్టెలో కూడిక గుర్తుగా, మిగతావి గీతలుగా కనిపిస్తాయి. చాలా మెల్లగా, ఆ చివర నుంచి ఈ చివరకి తోయాలి. గుర్తు గానీ గీత గానీ ఎక్కడైనా దూకితే వదిలేయండి. వారంటీ మాత్రం చాలా కంపెనీలు మొదట కొన్నవాళ్లకే ఇస్తాయి, అది లేదనుకునే ధర మాట్లాడుకోండి.

యాంకర్: యలహంక నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్ (యలహంక): నమస్కారమండీ. నేను రిటైరయ్యాను. పొద్దున ఎయిర్‌ఫోర్స్ విమానాల మోతతో లేస్తాం, ఆ సరదాతోనే ఇదంతా. విదేశీ కంపెనీ వెబ్‌సైట్లో థ్రాటిల్ తెప్పించాను. కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ పన్ను కలుపుకుని మొత్తం ఎనభై అయిదు వేలు పడింది. నాలుగు నెలలకే రెండో లీవర్ పిచ్చిపట్టినట్టు దూకుతోంది. ఏడు మెయిళ్లు రాశాను. రాసిన ప్రతిసారీ కొత్త మనిషి, అదే ప్రశ్న: ఫర్మ్‌వేర్, అంటే థ్రాటిల్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేశారా అని. చివరికి, మీ ఖర్చుతో ఫ్యాక్టరీకి పంపండి అన్నారు. మనసు విరిగిపోయిందండీ.

టెక్నీషియన్: నాకూ జరిగింది సార్. నా మొదటి పెడల్స్‌లో కుడి వైపు సడలిపోయింది. పనిచేయట్లేదు, పనిచేయట్లేదు అని అయిదు వారాలు రాశాను, ఫలితం లేదు. తర్వాత, విప్పి చూస్తే వారంటీ పోదు కదా అని రాతపూర్వకంగా అడిగి, సరేనన్నాక విప్పాను. లోపల బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, స్ప్రింగు దాని మీదే ఆనుతుంది. అంచున వెంట్రుకంత పగులు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఈ ముక్క ఒక్కటి పంపండి, నేనే బిగించుకుంటాను అని రాశాను. పన్నెండో రోజున కవరు వచ్చింది. అప్పట్నుంచి నేనేది కొనబోయినా, డబ్బు కట్టకముందే కంపెనీకి ఒక మెయిల్ రాస్తాను: స్పేర్ పార్టులు విడిగా ఇండియాకి పంపుతారా అని. దానికి వచ్చే జవాబే వాళ్ల సర్వీసు.

కాలర్: ఇప్పుడు నేనేం చేయాలి?

టెక్నీషియన్: ఎనిమిదో మెయిల్ వేరేగా రాయండి. పాత ఫిర్యాదు (టికెట్) నంబరు మీదే రాయాలి, కొత్తది తెరవొద్దు. బిల్లు, సీరియల్ నంబరు, చేసిన పరీక్షలు అన్నీ అందులోనే ఉండాలి. దాంతోపాటు అర నిమిషం వీడియో, అందులో మీ చెయ్యీ, స్క్రీనూ రెండూ కనిపించాలి. మొత్తం థ్రాటిల్ కాదు, ఆ లీవర్ సెన్సరు మాత్రం పంపమనండి. తప్పనిసరై వెనక్కి పంపాల్సి వస్తే, రిపేరు కోసం పంపుతున్నట్టు కాగితాల మీద సీరియల్ నంబరుతో సహా రాయించి కాపీలు దాచుకోండి. అవి లేకపోతే తిరిగొచ్చినప్పుడు కొత్త సరుకులా లెక్కగట్టి మళ్లీ డ్యూటీ వేసే ప్రమాదం ఉంది.

యాంకర్: చట్టం ఏమైనా ఆదుకుంటుందా సార్?

టెక్నీషియన్: 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇండియాలో వినియోగదారులకి పద్ధతిగా అమ్మే విదేశీ కంపెనీలకూ అవి వర్తిస్తాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరున్న ఊళ్లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. అయిదు లక్షల లోపు వస్తువైతే ఫీజు లేదు. రెండేళ్లలోగా వేయాలి. కానీ ఇక్కడ ఆఫీసే లేని కంపెనీ దగ్గర ఆ ఆర్డరు అమలు చేయించడం కష్టం. అందుకే ఓ నాలుగు వేలు ఎక్కువైనా ఇక్కడ బిల్లు ఇచ్చే అమ్మకందారు దగ్గరే కొనమంటాను. సార్, ఇప్పుడు కంప్యూటర్ దగ్గరున్నారా?

కాలర్: ముందే కూర్చున్నానండీ.

టెక్నీషియన్: థ్రాటిల్ కేబుల్ ఎక్కడ పెట్టారు?

కాలర్: ముందువైపు యూఎస్‌బీలో. దాంట్లోనే హబ్బు పెట్టి, యోక్, పెడల్స్ కూడా.

టెక్నీషియన్: మూడూ ఒకే రంధ్రంలో నుంచి కరెంటు తాగుతున్నాయన్నమాట. కరెంటు చాలకపోయినా లీవర్ ఇలాగే దూకుతుంది. థ్రాటిల్ ఒక్కటి తీసి, వెనకవైపు మదర్‌బోర్డు పోర్టులో నేరుగా పెట్టండి. మేం ఆగుతాం.

(కుర్చీ జరిపిన చప్పుడు.)

కాలర్: పెట్టానండీ. ఇందాక మీరు చెప్పిన జాయ్ డాట్ సీపీఎల్‌లో గీత కనిపిస్తోంది.

టెక్నీషియన్: రెండో లీవర్ని మెల్లగా పైకి తోయండి. ఇంకా మెల్లగా. ఏమంటోంది?

కాలర్: ముప్పావు దాకా బాగానే పోయింది... అక్కడ దూకింది. మళ్లీ దూకింది. ప్రతిసారీ అదే చోట.

టెక్నీషియన్: అయితే కరెంటు లోపం కాదు, ఆ చోట సెన్సరే పోయింది. ఇక వాళ్లు ఫర్మ్‌వేర్ మాట ఎత్తలేరు. కేబుల్ తీయకండి, ఫోను పెట్టేసి వీడియో ఇప్పుడే తీయండి.