కీమో మందుని క్యాన్సర్ కణం బయటికి తోడేస్తుంటే ఏం చెయ్యాలి?

హాయ్ అండి, నమస్తే. కీమో వార్డులో ఎవరికైనా తోడుగా కూర్చున్నవాళ్లకి ఈ మందు గుర్తుండే ఉంటుంది, డోక్సోరూబిసిన్, అచ్చం రోజ్ సిరప్ లాగా ఎర్రగా ఉంటుంది, ఎక్కించాక ఒకట్రెండు రోజులు యూరిన్ కూడా ఎర్రగానే వస్తుంది, ముందే చెప్పకపోతే రక్తం అనుకుని హడలిపోతారు. మొదట్లో గడ్డ కరుగుతుంది, హమ్మయ్య అనుకుంటాం, కొన్ని సైకిల్స్ అయ్యాక అదే మందు, అదే డోసు, అస్సలు పనిచెయ్యదు. ఏమైందంటారు?

చాలా కారణాలున్నాయి గానీ ఒకటి మాత్రం భలే ఉంటుంది. 1976లో కెనడాలో జూలియానో, లింగ్ అని ఇద్దరు, మందుకి లొంగని హ్యామ్‌స్టర్ (ఎలుక లాంటి చిన్న జంతువు) కణాల పైపొరలో ఒక ప్రోటీన్ కనిపెట్టారు, పేరు పి-గ్లైకోప్రోటీన్. ఇదొక పంపు అండి. చిల్లు పడవలో కూర్చుని నీళ్లు తోడి పోస్తుంటారు చూడండి, అలా లోపలికొచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోడేస్తుంది, పైగా ఒక్క డోక్సోరూబిసిన్‌నే కాదు, పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ లాంటి చాలా కీమో మందుల్ని ఇలాగే తోడేస్తుంది.

మరి చుక్కచుక్కగా కారితే తోడొచ్చు, ఒకేసారి బిందెలకి బిందెలు పడవ మధ్యలో గుమ్మరిస్తే? నానో ఐడియా అదే. లైపోసోమ్ అంటే సన్నటి కొవ్వు బుడగ, వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుంది, ఒక్కోదాంట్లో పదివేలకి పైగా మందు అణువులు పడతాయి, కణం ఆ బుడగని బుడగలాగే మింగేస్తే పైపొరలో ఉన్న పంపుని దాటి లోపలెక్కడో విప్పుకుంటుంది.

వినడానికి బానే ఉంది కదా, అసలు సంగతి ఏంటంటే, జెరూసలేంలో బారెన్‌హోల్జ్, గాబిజాన్ అనే శాస్త్రవేత్తలు పనిచేసి తెచ్చిన డాక్సిల్, అంటే ఇలాంటి బుడగలో పెట్టిన డోక్సోరూబిసిన్, 1995లోనే అమెరికాలో అప్రూవ్ అయింది, 1999లో ప్లాటినం మందులకి లొంగని ఓవరీ క్యాన్సర్‌కి కూడా ఓకే అన్నారు, కానీ దాని వల్ల గట్టిగా తేలిన లాభం గుండెకి, మామూలు డోక్సోరూబిసిన్ అంత దెబ్బ గుండెకి తగలదు. బదులుగా అరిచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడుతుంది, చెప్పులేసుకోవడం కూడా కష్టమే.

ఇంకోటి, 2016లో టొరంటో టీమ్ పదేళ్ల రీసెర్చ్ పేపర్లు తిరగేసి లెక్కేస్తే, ఎక్కించిన నానో రేణువుల డోసులో గడ్డ దాకా చేరింది మధ్యస్థంగా 0.7 శాతం! వందలో ఒకటి కూడా కాదు, చాలా భాగం లివర్, స్ప్లీన్ పట్టేసుకుంటాయి. ఇప్పుడు ల్యాబుల్లో ఆ పంపు తయారవ్వకుండా ఆపే ఆర్‌ఎన్‌ఏ ముక్కని కూడా అదే బుడగలో పెట్టి ఎలుకల మీద చూస్తున్నారు, నాకైతే దీని మీదే ఎక్కువ ఆశ.

ఆ, మర్చిపోయా, ప్రిస్క్రిప్షన్‌లో డోక్సోరూబిసిన్ ముందు "లైపోసోమల్" అనే మాట ఉందో లేదో చూసుకోండి. పేరు ఒకటేగా అని దీని బదులు అది అదే డోసులో ఎక్కించకూడదు, రెండిటి లెక్కలు వేరు.