రాడ్ తీశాక జుట్టుని చల్లారనివ్వండి

అందరికీ నమస్కారం అండి. వెనక వాళ్ళకి వినపడుతోందా? సరే. నాకు ప్రసంగాలు ఇవ్వడం రాదు, పాతికేళ్ళుగా పార్లర్ నడుపుతున్నా, చేత్తో చెప్పడం అలవాటు, నోటితో చెప్పమంటే కొంచెం అటూ ఇటూ పోతుంటా, మీరే సర్దుకోవాలి. మేడమ్ గారు "కొత్త బ్యాచ్ పిల్లలకి కర్లింగ్ మెషీన్ల గురించి ఒక గంట మాట్లాడండి" అన్నారు, నేనేమో గంట ఎందుకండీ పది నిమిషాల్లో అయిపోతుంది అనుకున్నా, తీరా ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే దీని వెనక ఎంత కథ ఉందో అని నాకే ఆశ్చర్యం వేసింది.

మాట్లాడే ముందు ఒక పని చేద్దాం. ముందు వరసలో అమ్మాయీ, నువ్వే, పసుపు చుడీదార్, ఇలా వచ్చి కూర్చో. నూనె పెట్టలేదుగా? ప్రామిస్? మంచిది. చూడండి, ఒకే రాడ్డు, 170 డిగ్రీలు పెట్టా. కుడివైపు ఒక పాయ తీసుకుని చుట్టి పది సెకన్లు పట్టుకుని వదిలేస్తున్నా, అంతే, దానంతట అది జారిపోయింది. ఇప్పుడు ఎడమవైపు అదే మందం పాయ, అవే పది సెకన్లు, కానీ రాడ్డు బయటికి లాగేటప్పుడు ఉంగరం విప్పకుండా అలాగే అరచేతిలోకి తీసుకుని మాడు దగ్గర క్లిప్పు పెట్టేశా. నువ్వెళ్ళి కూర్చో తల్లీ, ఆ క్లిప్పు ముట్టుకోకు, నేను చెప్పేదాకా ఎవ్వరూ ముట్టుకోకండి.

మన భాషలో దీనికి ఎంత మంచి మాటలున్నాయో గమనించారా? బాగా చుట్టలు తిరిగితే ఉంగరాల జుట్టు అంటాం. అలలుగా ఉంటే నొక్కులు అంటాం. నొక్కితే వచ్చేవి కాబట్టి నొక్కులు, పేరులోనే పని ఉంది. మా అమ్మమ్మ వాళ్ళకి మెషీన్ ఎక్కడిది, తలంటు పోసుకున్న రోజు రాత్రి తడి ఆరీ ఆరకముందే సన్న సన్న జడలు బిగించి అల్లేసి పడుకునేవాళ్ళు, పొద్దున విప్పితే తలంతా నొక్కులే. మీలో సగం మంది చేసే ఉంటారు. కరెంటు లేదు, రాడ్డు లేదు, నొక్కులు మాత్రం వచ్చాయి. ఎందుకొచ్చాయో తెలిస్తే మిగతా మెషీన్లన్నీ తెలిసినట్టే.

గంజి పెట్టిన కాటన్ చీర ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చిలకరిస్తాం కదా, ఎందుకు? నీళ్ళు తగిలితే దారం లోపల ఒకదాన్నొకటి పట్టుకున్న సన్న పట్లు వదులుతాయి, వేడి పెట్టి నొక్కితే నీరు పోతుంది, ఏ ఆకారంలో నొక్కామో అక్కడ మళ్ళీ పట్టుకుంటాయి. జుట్టు కూడా అంతే, కాకపోతే అది కెరటిన్ అనే ప్రోటీన్. వెంట్రుకలో ముఖ్యంగా రెండు రకాల పట్లు ఉంటాయి. ఒకటి బలహీనమైంది, హైడ్రోజన్ బంధాలు, నీళ్ళకీ వేడికీ వదులుతాయి, ఆరితే చల్లారితే మళ్ళీ పట్టుకుంటాయి. రెండోది గంధకంతో వేసిన ముడి, డైసల్ఫైడ్ బంధం, అది నీళ్ళకి లొంగదు. వెంట్రుక కాలితే వచ్చే ఆ కంపులో గంధకం వాటా ఉంది, అది మీకు తెలిసిన వాసనే. అమ్మమ్మ జడలైనా నా రాడ్డైనా ఆడుకునేది మొదటి పట్టుతో మాత్రమే. అందుకే తల తడిస్తే పోతుంది. మన విజయవాడలో ఆగస్టులో రిసెప్షన్ హాల్ బయట పది నిమిషాలు నిలబడితే కూడా పోతుంది, గాలిలో తేమ చాలు.

ఇక మెషీన్ల కథ. రోమ్‌లో కలమిస్త్రుమ్ అని ఒక లోహపు రాడ్డు ఉండేది, నిప్పుల్లో పెట్టి కాల్చి జుట్టు చుట్టేవాళ్ళు. వేడి చేసే బానిసలకి బూడిద అనే మాట మీదే పేరు పడింది, రోజంతా బూడిదలో చేతులు పెట్టే పని మరి. సిసెరో అనే పెద్దాయన ఈ రాడ్డుతో ఒక చురక కూడా వేశాడు. సీజర్ తన యుద్ధాల గురించి రాసుకున్నది ఏ సోకులూ లేకుండా అంత తేటగా ఉంది, తెలివితక్కువ వాళ్ళెవరైనా దానికి కర్లింగ్ రాడ్డు పెట్టి సింగారిద్దామనుకుంటారేమో గానీ బుద్ధున్నవాడు ముట్టుకోడు అన్నాడు. రెండు వేల ఏళ్ళ కిందటే మన వృత్తిని వెక్కిరించారన్నమాట, పోన్లెండి.

తర్వాత ఎన్నో వందల ఏళ్ళు పెద్ద మార్పేమీ లేదు, కాల్చు, చుట్టు. 1872లో పారిస్‌లో మార్సెల్ గ్రాటో అనే ఆయన పటకారునే వేరే విధంగా వాడాడు. ఒక కొస గుండ్రటి కడ్డీ, ఇంకో కొస దాన్ని కప్పే దోనె. అందరూ చుడుతుంటే ఈయన చుట్టకుండా నొక్కి, మణికట్టు తిప్పి, కొంచెం జరిపి ఎదురుగా మళ్ళీ నొక్కేవాడు. అలలు వచ్చాయి, మార్సెల్ వేవ్ అన్నారు. నన్నడిగితే మన నొక్కులు అనే మాట ఆయన పనికే అచ్చంగా సరిపోతుంది. ఆ పటకార్లకి థర్మోస్టాట్ ఎక్కడిది, మంట మీద కాల్చి కాగితం మీద పెట్టి చూసేవాళ్ళు, కాగితం గోధుమ రంగుకి తిరిగితే ఇంకా చల్లారాలి అని. ఈ కాగితం టెస్టు ఇప్పటికీ పనికొస్తుంది, డిస్‌ప్లే మీద అంకెని గుడ్డిగా నమ్మకండి, చవక మెషీన్లలో ఒక చివర ఒక వేడి, ఇంకో చివర ఇంకో వేడి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి. కార్ల్ నెస్లర్, జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో టోట్‌నావ్ అనే ఊరు, చెప్పులు కుట్టే ఆయన కొడుకు. ఈయనకి పట్టిన పిచ్చి ఏంటంటే, తల తడిస్తే పోయే నొక్కులు నాకొద్దు, పోకుండా ఉండేవి కావాలి. అంటే తెలియకుండానే ఆ రెండో పట్టు మీద, గంధకం ముడి మీద చెయ్యి వేశాడు. లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో సెలూన్, అక్కడ 1905, 1906 ప్రాంతంలో అందరి ముందు చేసి చూపించాడు. ఎట్లా ఉండేదో ఊహించుకోండి, పైనుంచి షాండిలియర్ లాంటిది వేలాడుతుంటుంది, దాని నుంచి బరువులు కట్టిన తాళ్ళతో పన్నెండు ఇత్తడి రాడ్లు దిగుతాయి, ఒక్కోటి దగ్గర దగ్గర 900 గ్రాములు, మొత్తం పది కిలోల పైనే, ఆ బరువు తల మీద పడకుండా, వేడి మాడుకి తగలకుండా తాళ్ళు లాగిపట్టి ఉంచుతాయి. రాడ్లు 100 డిగ్రీల పైకి కాగుతాయి, కింద ఆవిడ ఆరు గంటలు కదలకుండా కూర్చోవాలి. పెళ్ళికూతురు గంటన్నర కూర్చోలేక ఫోన్ చూస్తూ తల వంచేస్తుందని మనం విసుక్కుంటాం.

జుట్టుకి రాసింది ఏంటో చెప్తా నవ్వకండి, మొదట్లో ఆవు మూత్రం, నీళ్ళు కలిపి. నవ్వొద్దన్నానా! అందులో క్షారం ఉంటుంది, క్షారం, వేడి రెండూ కలిస్తే గంధకం ముడి వదులుతుంది, ఆయన లెక్క తప్పేమీ కాదు. మరి ఎవరి మీద ప్రయోగం చేశాడు? భార్య కాథరీనా మీద. మొదటి రెండుసార్లు ఆవిడ జుట్టు మొత్తం కాలిపోయింది, మాడు మీద కూడా కాలింది. రెండుసార్లు అండి! మూడోసారి మళ్ళీ కూర్చుందంటే ఆవిడకి దణ్ణం పెట్టాలి. తడిసినా పోకుండా నొక్కులు పెట్టడాన్నే పర్మింగ్ అంటాం, దాని చరిత్ర అనగానే నెస్లర్ పేరు చెప్తారు, నాకైతే ఆ కుర్చీలో కూర్చున్న మనిషే ముందు గుర్తొస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, జర్మన్ కాబట్టి 1915లో శత్రువు అని నిర్బంధించారు, తప్పించుకుని అమెరికా చేరాడు. అక్కడ చూస్తే తన మెషీన్‌కి కాపీలు వందల్లో, సరిగా పని చేసేవి తక్కువ. డూప్లికేట్ గోల మన దగ్గరే అనుకుంటాం గానీ అప్పుడే మొదలైంది. న్యూయార్క్‌లో మళ్ళీ సెలూన్ పెట్టి బాగా సంపాదించాడు, 1929లో షేర్లు కుప్పకూలినప్పుడు చాలావరకు పోయింది, 1951లో చనిపోయాడు. ఆయన పద్ధతిలో పాయని కుదుళ్ళ నుంచి కొస దాకా మెలిపెట్టి చుడతారు, దానికి పొడుగు జుట్టు కావాలి. 1920ల్లో ఆడవాళ్ళు బాబ్ కట్ చేయించుకున్నారు, ఇంక చుట్టడానికి జుట్టేది? అప్పుడు కొస నుంచి కుదురు వైపుకి చుట్టే పద్ధతి వచ్చింది, మనం ఇవాళ రోలర్ చుట్టేది అట్లాగే.

ఇంకొకావిడ ఉంది. మార్జరీ జాయ్‌నర్, అమెరికాలో నల్లజాతి మహిళ, షికాగోలో పార్లర్, జుట్టు సామాన్లు అమ్మే మేడమ్ సి.జె. వాకర్ కంపెనీలో పని. పెద్ద మాంసం ముక్క వండేటప్పుడు లోపలిదాకా ఉడకాలని పొడుగు లోహపు పుల్లలు గుచ్చుతారట, వంట చేస్తూ అది చూసి, జుట్టుని కూడా ఒక్కో పాయగా కాకుండా ఇన్ని పుల్లలకి చుట్టి అన్నిట్నీ ఒకేసారి వేడి చేస్తే? అనుకుంది. వంటింట్లో నిలబడి మెషీన్ కనిపెట్టింది చూడండి. పైన హుడ్, దాని నుంచి వైర్లతో వేలాడే రాడ్లు, 1928లో పేటెంట్ వచ్చింది, మాడు కాలకుండా అడ్డు పెట్టే ప్యాడ్‌కి ఇంకోటి. కానీ పేటెంటు కంపెనీ పేరున పోయింది, ఆవిడ చేతికి దాదాపు ఏమీ రాలేదు. అయినా ఆగలేదు, 77 ఏళ్ళ వయసులో 1973లో డిగ్రీ పూర్తి చేసింది. మీలో ఎవరో ఇందాక బయట "ముప్పై దాటాయి మేడమ్, ఇప్పుడు నేర్చుకుంటే వస్తుందా" అని అడిగారు. ఆవిడ ఫోటో వెతికి చూసుకోండి.

1938లో అమెరికాలోనే ఆర్నాల్డ్ విలాట్ కోల్డ్ వేవ్ తెచ్చాడు, మెషీనూ లేదు కాల్చడమూ లేదు, మందు పూస్తే ముడి వదులుతుంది, రోలర్ చుట్టాక రెండో మందు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది వేస్తే కొత్త ఆకారంలో మళ్ళీ ముడి పడుతుంది. దాంతో ఆ షాండిలియర్లన్నీ మ్యూజియంకి పోయాయి. మేము నేర్చుకునే రోజుల్లో పర్మింగ్ చేసిన రోజు ఇంటికెళ్తే మా ఆయన గుమ్మంలోనే ముక్కు మూసుకునేవాడు, ఆ వాసన అట్లాంటిది. ఇక్కడొక మాట, రెండో మందు టైము తగ్గించకండి. చాలామంది మొదటి మందుకి టైమర్ పెడతారు, రెండోది "చాల్లే" అని కడిగేస్తారు. ముడి విప్పేసి కట్టకుండా పంపినట్టు అది, వారం తిరక్కుండా జుట్టు తెగుతోందని వస్తారు.

ఇప్పుడు మన రాడ్ల సంగతి. నికెల్ క్రోమియం తీగ, అదే నైక్రోమ్, 1900ల మొదట్లో వచ్చింది, ఎర్రగా కాలినా తుప్పు పట్టదు, తెగదు, అందుకే ఇస్త్రీ పెట్టె, టోస్టర్, హీటర్ అన్నీ దాని మీద బతికాయి, కరెంటు రాడ్డు కూడా. ఇప్పుడు సిరామిక్ హీటర్లు వచ్చాయి. పెట్టె మీద 230 డిగ్రీలు అని గొప్పగా రాస్తారు, మనకి అంత అక్కర్లేదు, సన్న జుట్టుకి 150 దగ్గర, మందం జుట్టుకి 180 దగ్గర చాలు, 200 దాటితే కెరటిన్ పాడవడం మొదలు, అలా పాడైంది ఏ సీరమ్‌కీ తిరిగి రాదు.

తడి జుట్టు మీద రాడ్డు పెట్టకండి, ఇది నా సొంత తప్పు కాబట్టి చెప్తున్నా. కొత్తలో ఒక పెళ్ళికి వెళ్ళా, ముహూర్తం తెల్లవారుజామున, పెళ్ళికూతురు తలంటు పోసుకుని అప్పుడే వచ్చింది, పైన ఆరినట్టే ఉంది, ఆరబెట్టే టైము లేదని రాడ్డు పెట్టేశా. సుయ్యిమంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై వెంట్రుక లోపలే బుడగలు పుడతాయి, అక్కడ పెళుసుగా విరిగిపోతుంది. ముందు ముంగురుల దగ్గర అంగుళం జుట్టు నా చేతిలోకి వచ్చింది. పాపిటబిళ్ళ కొంచెం పక్కకి జరిపి, పూలు పెట్టి కప్పేశా, వాళ్ళమ్మకి మాత్రం చెప్పేశా, ఆవిడ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ.

1960ల్లో డెన్మార్క్ నుంచి కార్మెన్ అని వేడి రోలర్లు వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. ఇట్లాంటి రోలర్లలో చాలావాటికి లోపల మైనం ఉంటుంది, పెట్టెలో వేడి చేస్తే కరుగుతుంది, తలకి చుట్టాక మెల్లగా గడ్డ కడుతూ వేడి వదులుతుంది. చూశారా, తల మీదే చల్లారుతుంది. అందుకే ఆ పాతకాలం రోలర్ల కర్ల్స్ సాయంత్రం దాకా నిలిచేవి, మనం రాడ్డుతో చేసినవి భోజనాల టైముకి జారిపోతాయి.

2018లో డైసన్ ఎయిర్‌రాప్ అనే కర్లింగ్ మెషీన్ వచ్చింది, మా పాపే చూపించింది, మంచి ఫ్రిజ్ వస్తుంది ఆ డబ్బుకి. అందులో గాలి గొట్టం చుట్టూ తిరుగుతూ జుట్టుని తనే లాక్కుని చుట్టుకుంటుంది. పంపు కింద చెంచా వీపు పెట్టి చూడండి, నీళ్ళు చెంచా ఒంపుకి అంటుకుని పక్కకి తిరుగుతాయి, అదే సూత్రం, రుమేనియా ఇంజనీర్ కోయాండా పేరు పెట్టారు. గాలి 150 డిగ్రీల లోపే ఉంటుందని కంపెనీ చెప్తుంది. నాకు అందులో నచ్చింది ఆ మాయ కాదు, చల్లగాలి బటన్. చుట్టుకున్నాక అది నొక్కి పట్టుకోవాలి. అంత ఖరీదు మెషీన్‌లోనూ చల్లార్చడానికి ఒక బటన్ పెట్టాల్సొచ్చింది, మన దగ్గర అది ఐదు రూపాయల క్లిప్పు.

అమ్మాయీ, ఇలా రా తల్లీ, ఎంతసేపైంది? ఇరవై అయిదు నిమిషాలా? అందరూ దగ్గరికి రండి, వెనక వాళ్ళు కుర్చీలెక్కకండి పడతారు. కుడివైపు పాయ చూడండి, కొసలో కొంచెం వంపు ఉంది, మిగతాదంతా సాగిపోయింది, రాడ్డు పెట్టామంటే నమ్మరు. ఇప్పుడు ఎడమవైపు క్లిప్పు తీస్తున్నా, వేళ్ళతో దువ్వను, ఊరికే వదులుతా... అదిగో. ఇప్పుడు తల ఊపు. ఇంకా గట్టిగా ఊపమ్మా, ఏం కాదు.