ఆ సంతకం ఎవరిది? స్కాట్లాండ్ ప్రభుత్వాన్ని సభ్యులు ఎలా నిలదీస్తారు

(తెరపై: క్లైడ్ నది ఒడ్డున షిప్‌యార్డ్. క్రేన్ల కింద తెలుపు, నలుపు రంగుల పెద్ద ఓడ.)

2017 నవంబర్. స్కాట్లాండ్‌లో పోర్ట్ గ్లాస్గో అనే ఊరు. గ్లెన్ సానాక్స్ అనే కొత్త ఓడను నీళ్లలోకి దింపుతున్నారు. అప్పటి ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ స్వయంగా వచ్చారు. జనం, కెమెరాలు, చప్పట్లు. ఒక్కసారి ఆ ఓడ ముందుభాగం చూడండి. అక్కడ కిటికీల్లా కనిపిస్తున్నవి కిటికీలు కావు. కిటికీల ఆకారంలో పూసిన నల్ల రంగు.

2018లో జనాన్ని ఎక్కించుకోవాల్సిన ఓడ అది. ఎక్కించుకున్నది 2025 జనవరిలో. దానితోపాటు కట్టాల్సిన ఇంకో ఓడ కూడా ఉంది. రెండింటికీ కలిపి 2015లో కాంట్రాక్టు కుదిరింది 9.7 కోట్ల పౌండ్లకి. ఆ తర్వాత ఖర్చు నాలుగింతలు దాటింది.

ఈ ఓడలు ఎవరికోసం? ఆరన్ లాంటి దీవులకోసం. ఆరన్‌లో ఉండేది ఐదు వేలలోపు జనం. ఆసుపత్రి అపాయింట్‌మెంట్‌కి వెళ్లాలన్నా, దుకాణానికి సరుకు రావాలన్నా ఫెర్రీయే దిక్కు. అది రద్దయిన రోజు ఊరంతా ఆగిపోతుంది. అందుకే ఈ విషయాన్ని నేను ఒక కుంభకోణం కథలా చెప్పదలచుకోలేదు. నన్ను పట్టుకున్నది ఒకే ప్రశ్న. అంత నష్టభయం ఉన్న కాంట్రాక్టుకి సరే అన్నది ఎవరు? ఏం చూసి సరే అన్నారు? స్కాట్లాండ్ పార్లమెంటు ఆ ప్రశ్నను ఏళ్లతరబడి వదలకుండా అడిగింది. అది ఎక్కడెక్కడ తిరిగిందో చూస్తే, ఒక ప్రభుత్వాన్ని చట్టసభ ఎలా లెక్క అడుగుతుందో మొత్తం అర్థమైపోతుంది.

(తెరపై: బ్రిటన్ మ్యాప్. స్కాట్లాండ్ వేరే రంగులో.)

ముందు కాస్త నేపథ్యం. స్కాట్లాండ్ బ్రిటన్‌లో భాగం. 1998లో లండన్‌లోని పార్లమెంటు ఒక చట్టం చేసి కొన్ని అధికారాలను స్కాట్లాండ్‌కి అప్పగించింది. దీన్ని అక్కడ డివల్యూషన్ అంటారు. 1999లో ఎడిన్‌బరోలో పార్లమెంటు మొదలైంది. మొత్తం 129 మంది సభ్యులు. వాళ్లని ఎమ్మెస్పీలు అంటారు. ఫస్ట్ మినిస్టర్ అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. వైద్యం, చదువు, పోలీసు, స్థానిక రవాణా ఎడిన్‌బరో చేతిలో ఉంటాయి. రక్షణ, విదేశాంగం, వీసాలు లండన్ చేతిలో ఉంటాయి. మన రాష్ట్రాల అధికారాలు రాజ్యాంగంలోనే రాసి ఉన్నాయి. స్కాట్లాండ్‌వి లండన్ చేసిన చట్టం నుంచి వచ్చాయి. డబ్బులో పెద్ద భాగం కూడా లండన్ నుంచే వస్తుంది. మిగతాది ఎక్కువగా వాళ్లే రేటు నిర్ణయించుకునే ఆదాయపు పన్ను నుంచి. వైద్యానికి ఎంత, బడికి ఎంత, ఓడకి ఎంత అన్నది మాత్రం ఎడిన్‌బరోయే తేల్చుకుంటుంది. కాబట్టి జవాబూ అదే చెప్పాలి.

(తెరపై: సభా మందిరం. గడియారం 12 గంటలు.)

గురువారం మధ్యాహ్నం 12. స్కాట్లాండ్ రాజకీయాల్లో అందరికీ తెలిసిన సమయం ఇది. దాదాపు ముప్పావు గంటసేపు ఫస్ట్ మినిస్టర్ నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ముందు ప్రతిపక్ష నాయకులు, తర్వాత మిగతా సభ్యులు. టీవీలో వస్తుంది, వార్తల్లో క్లిప్పులు తిరుగుతాయి. ఆ సమయానికి ముందు మంత్రుల ఆఫీసుల్లో ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏ ప్రశ్న వస్తుందో తెలియదు కాబట్టి ప్రతి శాఖ నుంచీ తాజా వివరాలు తెప్పించుకోవాలి. ఆ భయంతోనైనా ఫైళ్లు కదులుతాయి. అది నిజమైన మేలు.

కానీ ఒక్క గురువారంతో ఓడ కాంట్రాక్టు గుట్టు బయటపడదు. అక్కడ ప్రశ్న వేడిగా ఉంటుంది, జవాబు కూడా వేడిగానే వస్తుంది. "మీ పార్టీ ఉన్నప్పుడు ఏం జరిగింది?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. పైగా అధికార పార్టీ సభ్యులూ ప్రశ్నలు వేస్తారు. వాటిలో చాలావరకు మంత్రి మంచి మాట చెప్పుకోడానికి వేసినవే. మన అసెంబ్లీలో ప్రశ్నోత్తరాల సమయం చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

నా దృష్టిలో అసలు పని నడిచేది మాట వినిపించని చోట. రాతపూర్వక ప్రశ్నల్లో.

(తెరపై: ఎస్, సిక్స్, డబ్ల్యూ, గీత, ఒక నంబరు. ఒక్కో అక్షరం వెలుగుతుంది.)

ఇలాంటి నంబరు కనిపిస్తే దాని అర్థం ఇది: ఆరో సభ, రాతపూర్వక ప్రశ్న, దాని వరుస సంఖ్య. మన దగ్గర నక్షత్రం గుర్తు లేని ప్రశ్నలకి ఇది దగ్గర. ఏ ఎమ్మెస్పీ అయినా వేయొచ్చు. మామూలుగా 10 పనిదినాల్లో జవాబు రావాలి. ప్రశ్న, జవాబు రెండూ అందరికీ కనిపించేలా పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంటాయి. పదేళ్ల తర్వాత వెతికినా దొరుకుతాయి.

ప్రశ్న రాయడం ఒక విద్య. "ఓడల మీద ఇంత డబ్బు ఎందుకు వృథా చేశారు?" అని రాశారనుకోండి. "దీవుల ప్రజల సేవకు మేం కట్టుబడి ఉన్నాం" అని ఒక పేరా వస్తుంది. అదే ప్రశ్న ఇలా రాయండి: "ఈ కాంట్రాక్టుకి ఆమోదం తెలిపింది ఏ మంత్రి, ఏ తేదీన, అధికారులు రాసిన ఏ నోట్ చూసి?" ఇప్పుడు పేరు చెప్పాలి, తేదీ చెప్పాలి, కాగితం చూపాలి. లేదంటే అవి మా దగ్గర లేవని రాసి ఇవ్వాలి. లేవని రాసి ఇవ్వడం కూడా ఒక జవాబే. రేపు కమిటీలో దాన్నే ఎత్తి చూపిస్తారు. "ఆ సమాచారం మేం ఒకచోట సేకరించి పెట్టుకోలేదు" అనే జవాబు తరచూ వస్తుంది. అలా వచ్చినప్పుడు మంచి సభ్యులు ఆగరు. అదే విషయం శాఖలవారీగా, సంవత్సరాలవారీగా విడగొట్టి మళ్లీ అడుగుతారు. మొదటి ప్రశ్న అడగడం ఎవరికైనా వస్తుంది. మూడోసారి అడగడానికి ఓపిక కావాలి.

గ్లాస్గోలో, ఎడిన్‌బరోలో, అబర్డీన్‌లో ఉన్న మన తెలుగువాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీరు భారత పౌరులుగా ఉంటూనే, చట్టబద్ధంగా అక్కడ నివసిస్తూ ఓటరుగా నమోదైతే, స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. 16 ఏళ్లు నిండితే చాలు. చదువుకోడానికి వెళ్లిన పిల్లలకీ ఇది వర్తిస్తుంది. మీకు ఎమ్మెస్పీలు ఒకరు కాదు, ఎనిమిది మంది. ఒకరు మీ నియోజకవర్గం నుంచి, ఏడుగురు మీ ప్రాంతం మొత్తానికి. ఆసుపత్రిలో నెలలతరబడి ఎదురుచూస్తున్నారా? అద్దె ఇంటి చట్టం గురించి సందేహమా? ఒక మెయిల్ రాయండి. మీ బాధే రేపు ఒక నంబరున్న ప్రశ్న కావచ్చు. వీసా గురించి మాత్రం వీళ్లకి రాసి లాభం లేదు. అది లండన్ పని, అక్కడి ఎంపీకి రాయాలి. తమ పరిధిలో లేనిదాని మీద స్కాట్లాండ్ మంత్రుల్ని ప్రశ్న అడిగినా దాన్ని స్వీకరించరు.

(తెరపై: ఓటింగ్ బోర్డు. 64, 64.)

ఇక డబ్బు సంగతి. బడ్జెట్ బిల్లుకి సవరణ పెట్టే హక్కు స్కాట్లాండ్‌లో మంత్రులకే ఉంది. మిగతా సభ్యులకి లేదు. అయితే సభ్యుల దగ్గర ఏముంది? కాదనే ఓటు ఉంది. 2009 జనవరి 28న అది పని చేసింది. అప్పుడు అధికారంలో ఉన్న ఎస్‌ఎన్‌పీకి, అంటే స్కాటిష్ నేషనల్ పార్టీకి, 129లో 47 సీట్లే. ఇద్దరు సభ్యులున్న గ్రీన్ పార్టీ ఇళ్లకి చలి తట్టుకునే ఏర్పాటు చేయడానికి 10 కోట్ల పౌండ్లు అడిగింది. ప్రభుత్వం చివరికి 3.3 కోట్లు ఇస్తామంది. ఇది చాలదని ఆ ఇద్దరూ వ్యతిరేకంగా ఓటేశారు. 64కి 64 వచ్చాయి. స్పీకర్ స్థానంలో ఉన్న ప్రిసైడింగ్ ఆఫీసర్ తన ఓటు వ్యతిరేకంగా వేశారు. బడ్జెట్ పడిపోయింది. వారం తిరగకుండా ప్రభుత్వం మిగతా పార్టీలతో కూర్చుంది, వాళ్ల కోరికలు కొన్ని ఒప్పుకుంది. ఫిబ్రవరి 4న అదే బడ్జెట్ 123కి 2 ఓట్లతో గెలిచింది. కాదంటారన్న భయం ఉన్న రోజున ప్రభుత్వం ఎంత శ్రద్ధగా వింటుందో ఆ వారం చూపించింది.

(తెరపై: కమిటీ గది. గుర్రపునాడా ఆకారపు బల్ల, నీళ్ల గ్లాసులు, కాగితాల కట్టలు.)

మళ్లీ ఓడల దగ్గరికి వద్దాం. ఓడ కట్టేటప్పుడు కొనేవాళ్లు వాయిదాల్లో డబ్బు ఇస్తారు. మధ్యలో యార్డు మునిగిపోతే ఆ డబ్బు వెనక్కి రావడానికి పూర్తి గ్యారంటీ తీసుకోవడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. ఈ ఓడలు కట్టే పోర్ట్ గ్లాస్గోలోని ఫెర్గూసన్ యార్డు అలాంటి పూర్తి గ్యారంటీ ఇవ్వలేనంది. ఓడలు కొంటున్న ప్రభుత్వ సంస్థ తన ఆందోళనను మంత్రుల ముందు పెట్టింది. అయినా 2015 అక్టోబర్‌లో కాంట్రాక్టు మీద సంతకాలు అయిపోయాయి. 2019లో యార్డు దివాలా తీసింది. ప్రభుత్వమే దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది.

2020 డిసెంబర్‌లో రవాణా విషయాలు చూసే కమిటీ తన నివేదికలో ఈ కొనుగోలు నడిపిన తీరు ఘోర వైఫల్యమని రాసింది. 2022 మార్చిలో ఆడిటర్ జనరల్ స్టీఫెన్ బాయిల్ నివేదిక వచ్చింది. ఆయన స్థానం మన కాగ్ లాంటిది. నష్టభయం తెలిసీ మంత్రులు ఎందుకు ముందుకెళ్లారో చెప్పే కాగితం సరిగా దొరకలేదని ఆ నివేదిక తేల్చింది. ఆ మాట చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. కోట్ల పౌండ్ల ప్రజాధనం. నోట్ ఫైల్‌లో ఒక్క పేజీ కూడా లేకపోతే ఎలా?

నివేదిక పబ్లిక్ ఆడిట్ కమిటీకి వెళ్లింది. మన ప్రజా పద్దుల కమిటీ చేసే పనే ఇదీ చేస్తుంది. ప్రతిపక్షానికి చెందిన రిచర్డ్ లియోనార్డ్ అప్పట్లో దాని కన్వీనర్, అంటే అధ్యక్షుడు. ఇక్కడ ముప్పావు గంట గడియారం లేదు. ఒకే సాక్షిని గంటలపాటు, ఒకే విషయం మీద అడగొచ్చు. సభ్యుల ముందు పాత మెయిళ్లు, రాతపూర్వక జవాబులు ఉంటాయి. "మీరు అప్పుడు ఇలా రాశారు, ఇప్పుడు ఇలా అంటున్నారు" అని అడిగే వీలు ఇక్కడే ఎక్కువ.

2022 మేలో, కాగితం లేదన్న చోటే ఒక కాగితం బయటికొచ్చింది. 2015 అక్టోబర్ 9 నాటి అధికారుల మెయిల్. రవాణా మంత్రి డెరెక్ మెకే ప్రతిపాదనకి ఒప్పుకున్నారని అందులో ఉంది. ఎవరన్న ప్రశ్నకి జవాబు దొరికింది, ఏడో ఏట. ఎందుకన్నది ఆ నాలుగు ముక్కల్లో లేదు. మెకే అప్పటికి మంత్రి కాదు, సభ్యుడూ కాదు. అయినా సెప్టెంబర్‌లో కమిటీ ముందుకొచ్చి జవాబు చెప్పారు. నవంబర్‌లో ఫస్ట్ మినిస్టర్ స్టర్జన్ కూడా వచ్చి కూర్చున్నారు. గురువారం సభలో నిలబడి చెప్పడం వేరు. ఎదురుగా ఫైలు పెట్టుకున్న మనుషుల ముందు కూర్చుని చెప్పడం వేరు. 2023 మార్చిలో కమిటీ నివేదిక వచ్చింది. రికార్డులు సరిగా ఉంచకపోవడాన్ని గట్టిగా తప్పుపట్టింది.

(తెరపై: నీళ్లలో తేలుతున్న రెండో ఓడ.)

రెండో ఓడ పేరు గ్లెన్ రోజా. 2024 ఏప్రిల్‌లో నీళ్లలోకి దింపారు. ఆ తర్వాత కూడా గడువు జరిగింది, ఖర్చు పెరిగింది. అలా జరిగినప్పుడల్లా యార్డు అధిపతి పార్లమెంటు రవాణా కమిటీకి ఉత్తరం రాయాలి: ఏ పని మిగిలింది, ఎంత ఆలస్యం, ఎంత అదనం. ఆ ఉత్తరాలన్నీ కమిటీ పేజీలో తేదీలతో సహా ఉన్నాయి. ఆరన్ దీవిలో ఫెర్రీకోసం ఎదురుచూసే మనిషి కూడా వాటిని తెరిచి చదువుకోవచ్చు.