ప్లుటోనియం కాలేయంలో ఉంది, మందు మూత్రంలో పోతోంది

ప్లుటోనియం ఒంట్లోకి చేరాక దానంతటదే పోతుందని కూర్చోలేం. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌నే పట్టుకుని తిరుగుతుంది, చివరికి ఎముకల్లో, కాలేయంలో తిష్ఠ వేస్తుంది. కాలేయంలో సగం తగ్గడానికి సుమారు 20 ఏళ్లు, ఎముకలో 50 ఏళ్లు అని లెక్క.

మందు లేక కాదు, ప్లుటోనియం లాంటి లోహాలను పట్టుకుని మూత్రంలోకి పంపే డీటీపీఏ ఉంది. దాని కాల్షియం, జింకు లవణాలను 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. పెద్దలకు రోజుకు 1 గ్రాము, నరంలోకి. మొదటి రోజు కాల్షియం లవణం, తర్వాత జింకుది. కాల్షియం రకాన్నే కొనసాగిస్తే ఒంట్లో ఉండాల్సిన జింకు కూడా ఊడ్చుకుపోతుంది. ఇక అసలు చిక్కు: డీటీపీఏ మీద విద్యుదావేశం ఎక్కువ, కణం పొర దాటదు. రక్తంలో ఓ చుట్టు తిరిగి, ఒక్క రోజులో దాదాపు అంతా మూత్రంలో పోతుంది. దొంగ ఇంట్లో ఉంటే పోలీసు వీధిలో గస్తీ తిరిగినట్టు.

1973లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రహ్మాన్, రోసెంథాల్, సెర్నీ ఈ మందును లైపోజోముల్లో, అంటే కొవ్వు పొరతో చేసిన అతి చిన్న బుడగల్లో పెట్టి చిట్టెలుకలకిచ్చారు. కణాల్లోపలి ప్లుటోనియం కదిలింది. లైపోజోమును కాలేయ కణాలు తమంతట తామే మింగుతాయి కదా, కిటుకంతా అదే.

తయారీలో లెసిథిన్, కొలెస్ట్రాల్‌ను క్లోరోఫాంలో కరిగించి, రోటరీ ఇవాపరేటర్‌లో ఫ్లాస్కు గోడకు పలచని పొరగా ఆరబెట్టాలి. దాని మీద పీహెచ్ 7.4కి తెచ్చిన డీటీపీఏ ద్రావణం పోయాలి. లెసిథిన్‌గా డీఎస్‌పీసీ అనే రకాన్ని వాడితే 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచాలి. 55 కింద ఆ పొర గట్టిగానే ఉండిపోతుంది. ఆ వేడిలోనే 400, 200, 100 నానోమీటర్ల పాలికార్బొనేట్ పొరల గుండా వరసగా తోస్తే, పాలలా ఉన్నది నీలిఛాయతో పలచబడుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ద్రవాభిసరణ (ఆస్మోటిక్) పీడనం దగ్గర. మందు ఎక్కువ పట్టించాలని గాఢత పెంచుతారు. ఆమ్లమైన డీటీపీఏను తటస్థం చేయడానికి కలిపిన సోడియం కూడా లెక్కలోకొస్తుందని మరుస్తారు. ఆ లైపోజోములను మామూలు సెలైన్‌లో వేస్తే నీరు లోపలికి దూరి, ఉబ్బి, మందు కారిపోతుంది. బయటి ద్రావణం (బఫర్) గాఢతను ముందే సరిచూసుకోవాలి. పైగా లోపల చిక్కేది చిన్న భాగమే. మిగతాది డయాలసిస్‌తోనో జెల్ కాలమ్‌తోనో తీసేయకపోతే, ఫలితం లైపోజోముదా, బయటి మందుదా చెప్పలేం. అందుకే ఖాళీ లైపోజోములు, విడి మందు కలిపి ఇచ్చిన గుంపు కూడా ప్రయోగంలో ఉండాలి.

సైజు పెద్దదైతే కాలేయంలో చెత్తను మింగే కుఫ్ఫర్ కణాలే మింగేస్తాయి, అసలు కాలేయ కణమైన హెపటోసైట్‌కు చేరేది తక్కువ. 100 నానోమీటర్లకు అటూ ఇటూ ఉండి, పైన పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) తొడుగు ఉంటే రక్తంలో ఎక్కువసేపు నిలుస్తాయి. అయినా ఎముక ఖనిజంలో ఇప్పటికే కూరుకుపోయిన ప్లుటోనియం జోలికి ఇవి పెద్దగా వెళ్లలేవు. ఎముకకు చేరకముందే ఇవ్వాలి.