బీరువాలో కూర్చుని నా కథ నేనే చదివాను | రెడింగ్ కబుర్లు

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇప్పుడు టైమ్ ఆదివారం తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలు. ఇంట్లో అందరూ మంచి నిద్రలో ఉన్నారు. నేనేమో ఇదిగో, చూస్తున్నారుగా, బట్టల బీరువాలో ఉన్నాను. ఇటు మా ఆయన కోట్లు, అటు నా పట్టుచీరలు, నెత్తి మీద బొంత. పట్టుచీర కట్టే సందర్భం ఇక్కడ ఏడాదికి నాలుగుసార్లు వస్తే గొప్ప. రికార్డింగ్‌కి మాత్రం వాటిని మించింది లేదు. గోడకి తగిలి తిరిగొచ్చే మోతంతా పీల్చేస్తాయి.

సంగతేంటంటే, నేను రాసిన కథని ఒక తెలుగు వెబ్ పత్రిక వాళ్ళు వచ్చే నెల వేసుకుంటున్నారు. "కథతో పాటు మీ గొంతుతో చదివిన ఆడియో కూడా పంపండమ్మా" అన్నారు సంపాదకులు గారు. అందులో అర్థముంది. మా పెద్దమ్మాయినే తీసుకోండి. తెలుగు వింటే అంతా అర్థమవుతుంది, చదవమంటే "అ ఆ" దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళమ్మ కథలు రాస్తుందని దానికి తెలుసు కానీ, ఒక్కటీ చదవలేదు. చదవలేదు అనడం కూడా తప్పేలెండి, చదవలేదు పాపం.

అన్నట్టు, మా ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే ఎవరైనా 'రీడింగ్' అనే చదువుతారు. పలకడం మాత్రం రెడింగ్. వచ్చిన కొత్తలో లండన్ స్టేషన్‌లో "రీడింగ్‌కి ఒక టికెట్" అని అడిగితే ఆ అబ్బాయి పెదవి బిగించి నవ్వాపుకున్నాడు.

ఇలా సొంత గొంతుతో చదివి పంపడం ఇప్పటి ఫోన్ల పుణ్యం అనుకునేదాన్ని. కాదట. 1981లో లండన్‌లో ఉన్న గూటాల కృష్ణమూర్తి గారు 'మహాప్రస్థానం'ని శ్రీశ్రీ చేతిరాతతోనే అచ్చువేసి, శ్రీశ్రీ చదివిన కేసెట్ కూడా దానికి జత చేశారు. విశాఖపట్నంలో పుట్టిన గొంతు పుస్తకంతో పాటు జనానికి చేరింది ఈ లండన్ నుంచి, అంటే మా ఇంటికి రైల్లో అరగంట దూరం నుంచి. ఈ మాట చెప్తే మా ఆయన, "ఆయన కూడా బీరువాలోనే కూర్చున్నాడా?" అన్నాడు. ఇలాంటి మనిషితో కాపురం నాది.

సరే, పనిలోకి వద్దాం. ఒక చిన్న చిట్కా. కాగితాలు చేత్తో పట్టుకుని చదవకండి. పేజీ తిప్పిన ప్రతిసారీ ఆ గరగర రికార్డవుతుంది. నేను ఒంటి వైపే ప్రింట్ తీసి, ఇదిగో ఇలా పక్కపక్కన పరిచాను. పెన్సిల్ గీతలు కనిపిస్తున్నాయా? ఒక గీత అంటే ఊపిరి తీసుకోవాలి, రెండు గీతలుంటే ఆగాలి. ఫోన్ నోటికి ఎదురుగా పెట్టకుండా కొంచెం పక్కకి పెట్టాను. ఎదురుగా పెడితే 'ప' అన్నా 'భ' అన్నా ఉఫ్‌మని గాలి కొడుతుంది. రికార్డ్ చేశాక ఫైల్‌ని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపకండి, క్వాలిటీ పోతుంది. డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి.

మొదటి టేక్ ఎందుకు పోయిందో వినండి... ఆ, విన్నారా? 'కిచ్'మని. ముందు ఏదో పిట్ట అనుకున్నాను. నలభై సెకన్లకోసారి టంచనుగా కూసే పిట్ట ఏముంటుంది! మెట్ల మీద ఉన్న స్మోక్ అలారంలో బ్యాటరీ అయిపోవచ్చింది. కుర్చీ వేసుకుని, దాని మీద పిల్లల స్టూల్ వేసుకుని ఎలాగో ఊడదీశాను. రికార్డింగ్ అవగానే కొత్త బ్యాటరీ వేసి మళ్ళీ పెట్టేస్తాను లెండి, తిట్టకండి.

రెండో టేక్ పోయింది మాత్రం నా పాపమే.

కథ మా అమ్మమ్మ గురించి. పలాసలో జీడిపిక్కలు కొట్టేది. పిక్కని కాల్చి, చిన్న దెబ్బతో పెంకు పగలగొట్టి, లోపలి పప్పు విరగకుండా తీయాలి. పెంకులో ఉండే జీడి తగిలిందంటే చర్మం పొక్కిపోతుంది. అందుకని చేతులకి బూడిద రాసుకుని కూర్చునేది. ఎంత రాసుకున్నా వేళ్ళ చివర్లు నల్లగానే ఉండేవి. నాకు అన్నం కలిపి పెట్టిన వేళ్ళు అవే. ఈ విషయాన్ని నేను కథలో ఎలా రాశానో తెలుసా? "జీడి తైలపు దాడికి ఆమె అంగుళ్యగ్రాలు కృష్ణవర్ణాన్ని సంతరించుకున్నాయి." రాసిన రోజు ఈ వాక్యం చూసుకుని ఎంత మురిసిపోయానో! ఇప్పుడు చదవబోతే నోరు తిరగలేదు. నాలుగుసార్లు ప్రయత్నించాను. 'అంగుళ్య' దగ్గర ఒకసారి, 'సంతరించు' దగ్గర ఒకసారి. కళ్ళు ఇన్నాళ్ళూ ఒప్పుకున్నదాన్ని నోరు ఒప్పుకోనంటోంది.

ఈలోపు అమ్మ వీడియో కాల్. అక్కడ పది దాటింది, టిఫిన్లు అయిపోయాయి. బీరువాలో నన్ను చూసి "ఏటే, మీ ఆయనతో గొడవేటే?" అంది కంగారుగా. విషయం చెప్పి ఒక పేజీ చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "అమ్మ ఏళ్ళకి ఏదో వచ్చిందన్నావు, అంగుళ్యో ఏదో. అదేటి రోగం?" అంది.

వెంటనే పెన్సిల్‌తో కొట్టేశాను. "ఆవిడ వేళ్ళ చివర్లు నల్లబడిపోయాయి." అంతే.

ఇంకో మాట కూడా అంది అమ్మ. కథలో అమ్మమ్మ నన్ను పిలిచే మాట ఒకటుంది. "బేగొచ్చీయే గుంటా, పొద్దు గూకిపోతంది." తొందరగా వచ్చేయవే పిల్లా, పొద్దు కుంకిపోతోంది అని. దాన్ని నేను వార్తలు చదివినట్టు చదివేశాను. కారణం నాకు తెలుసు. హైదరాబాద్ హాస్టల్లో నేను "ఏటి" అంటే గదిలో అందరూ నవ్వేవాళ్ళు. ఆరు నెలల్లో "ఏంటి" నేర్చేసుకున్నాను. ఇప్పుడా పాత మాట నోటికి వచ్చేసరికి గొంతు దానంతటదే చిన్నబోయింది, ఎవరిదో వస్తువు అడక్కుండా ముట్టుకున్నట్టు. అమ్మ ఒప్పుకోలేదు. "అంత నెమ్మదిగా ఎప్పుడు పిలిసిందే నిన్ను? ఈది సివర ఆడుకుంటన్నా ఇనబడీలాగ అరిసీది."

అరవాలి. తెల్లవారుజామున, అందరూ పడుకున్న ఇంట్లో, బీరువాలో.

కాబట్టి ఇప్పుడు మనం కారులో ఉన్నాం! అద్దాలు ఎక్కించేస్తే కారుని మించిన స్టూడియో లేదట. టైమ్ ఆరున్నర. "బేగొచ్చీయే గుంటా" అని గొంతెత్తి మూడుసార్లు అరిచాను. మూడోసారి అద్దం మీద ఎవరో తట్టారు. కుక్కని తిప్పడానికి వచ్చిన మా వీధి పెద్దాయన. "యూ ఆల్రైట్?" అన్నాడు. ఈ దేశంలో అది మన "బాగున్నారా" లాంటిది, జవాబు ఆశించరు. పదేళ్ళలో మొదటిసారి ఒక ఇంగ్లీషాయన నిజంగానే జవాబు కోసం ఆగి నిలబడ్డాడు. ఏం చెప్పను? అమ్మమ్మని అనుకరిస్తున్నాను అంటే ఇంకా కంగారుపడతాడు. "ప్రాక్టీస్" అన్నాను. ఏం ప్రాక్టీస్ అని అడగలేదు.

ఇక్కడి నుంచి వీడియో మూడు వారాల తర్వాత తీసింది. మొత్తం ఆడియో 17 నిమిషాలు వచ్చింది. పంపిన రెండు రోజులకి సంపాదకులు గారు ఫోన్ చేశారు. "అమ్మా, మీరు చదివింది ఒకటి, మీరిచ్చిన కథలో ఉన్నది ఒకటి. ఏది వేసుకోమంటారు?" అన్నారు. లెక్కపెట్టి చూస్తే 23 చోట్ల మార్చేశాను. చదివినదే వేయండి సార్ అన్నాను. అలా ఆడియోని చూసి అచ్చుని దిద్దారు.

ఒక్కచోట మాత్రం ఆడియోలో తప్పు ఉండిపోయింది. పదకొండో నిమిషంలో వరుస తప్పి, కాసేపు వెతుక్కుని, "అయ్యో" అన్నాను. కత్తిరిస్తానంటే ఆయనే వద్దన్నారు, బ్రౌనింగ్ కన్నా నయమే కదా అన్నారు. ఏంటా అని వెతికి విన్నాను. 1889లో రాబర్ట్ బ్రౌనింగ్ అనే కవి ఒక విందులో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ అనే గొంతు రికార్డ్ చేసే యంత్రం ముందు తన పద్యం చదవబోయాడు. నాలుగు పాదాలు అయ్యాయో లేదో మర్చిపోయాడు. నా పద్యాలే నాకు గుర్తు రావడంలేదు, క్షమించండి అంటాడు ఆ గరగరల మధ్యన. చుట్టూ ఉన్నవాళ్ళు హుర్రే అని కేకలు. అదే ఏడాది డిసెంబరులో ఆయన పోయాడు. ఆయన పద్యం ఏమిటో నాకు సరిగ్గా ఎక్కలేదు కానీ ఆ తడబాటు మాత్రం ఐదారుసార్లు విన్నాను.

మా పెద్దమ్మాయి విన్నదా అని అడుగుతారు కదా. విన్నది, మొన్న స్కూల్ బస్సులో. స్పీడ్ ఒకటిన్నరలో పెట్టుకుని విన్నదట, అమ్మ చాలా స్లో అని. అమ్మమ్మ అరుపు దగ్గర మాత్రం ఇయర్‌బడ్స్ పీకేసిందట, బస్సంతా వినబడిందేమోనని. "బేగి అంటే ఏంటి?" అని అడిగింది. చెప్పాను.

ఆ... ఉండండి, విన్నారా? 'కిచ్'. కొత్త బ్యాటరీ వేశానే! పైన పిల్లల గది బయట ఇంకొకటి ఉన్నట్టుంది. స్టూల్ ఎక్కడ పెట్టానో చూసి వస్తాను.